రెండో నిప్పు

మా తమ్ముడి కొడుకు చిన్ని మొన్న ఆదివారం వచ్చి మా అటకెక్కాడు. వాడికి ఫరంపేటలో చిన్న వర్క్‌షాపు ఉంది. రొయ్యల చెరువుల్లో నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు చెడిపోతే బాగుచేస్తాడు, తీరిక దొరికితే ఫోనులో వీడియోలు చూసి కత్తులు చేస్తాడు. మా తాత కొలిమి సామానులో మిగిలిన తుప్పు పట్టిన ఆకురాళ్ళ కోసం వచ్చాడు. ఆకురాయంటే రాయి కాదు, ఇనుమును అరగదీసే సన్నపళ్ళ కడ్డీ. "ఇది మామూలు ఇనుం కాదత్తా, హై కార్బన్ స్టీలు. నీళ్ళలో ముంచితే గట్టిపడే రకం. ఇప్పుడు ఎక్కడా దొరకట్లేదు" అంటూ గోనెసంచిలో వేసుకుంటుంటే ఒకటి చేతిలోంచి జారి గచ్చు మీద పడింది. ఇనుప కడ్డీ కింద పడితే సొట్టపడాలి, లేకపోతే గచ్చు పగలాలి. ఇది అప్పడంలా రెండు ముక్కలైంది. పడ్డప్పుడు టింగుమని, సన్నటి గాజు గొంతుతో ఒక చప్పుడు. నేను బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. నా చెయ్యి చేటలోనే ఆగిపోయింది. ఆ చప్పుడు విని ముప్పై ఏళ్ళు దాటి ఉంటుంది.

ముందే ఒక మాట చెప్పాలి. యానాంలో నన్ను కోతల కామాక్షి అంటారు. కుట్టుమిషను ముందు కూర్చుని జాకెట్ల కోసం వచ్చినవాళ్ళకి నేను చెప్పే కబుర్లు వాళ్ళు ఇళ్ళకి తీసుకెళ్ళి సగం తీసేసి నమ్ముతారు. నాకేం బాధ లేదు. సగమన్నా మిగులుతోంది కదా. ఈ సంగతి మాత్రం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, ఎందుకంటే ఇందులో నేను కల్పించడానికి ఎక్కడా చోటు దొరకలేదు.

కాలేజీ చదువు పేరుతో అమ్మానాన్నా నన్ను కనకాలపేటలో తాత దగ్గర వదిలి తాళ్ళరేవులో ఉండేవారు. ఆ ఇంట్లో మేం ముగ్గురమే, తాత, మామ్మ, నేను. ఇంటి ముందు వసారాయే కొలిమి. వసారాకీ వంటింటికీ మధ్య ఒకే ద్వారం. తెల్లవారితే కొబ్బరిచిప్పల బొగ్గు వాసన, మధ్యాహ్నానికి ఉప్పునీటి ఆవిరి వాసన, మధ్యమధ్య తాత చుట్ట. తాత పడవలు చేసే వడ్రంగులకి ఉలులు, బాడిసలు, పలకల సందుల్లో పీచు దట్టించే ఇనుప పనిముట్లు చేసేవాడు. బాడిసంటే పిడికి అడ్డంగా బిగించిన గొడ్డలి వంటిది, పడవ పక్కటెముకల్ని అదే చెక్కుతుంది. వాటికి విరిగిన ఆకురాళ్ళే ముడిసరుకు. ఆకురాయిని సానచక్రానికి తాకిస్తే రవ్వలు చిచ్చుబుడ్డిలా కొమ్మలేసుకుని విచ్చుకోవాలి. అలా విచ్చుకోకుండా గీతల్లా జారిపోతే అది ఉత్త ఇనుమని అవతల పడేసేవాడు. మంచి ఉక్కులో నూటికి ఒక పాలు బొగ్గు కలిసి ఉంటుందట. ఆ ఒక్క పాలే దాని పొగరంతా. కాల్చి నీళ్ళలో ముంచితే పైపొర గాజైపోతుంది, గుండెకాయ మాత్రం మెత్తగానే ఉండిపోతుంది. అందుకే దెబ్బకి తట్టుకుంటుందని తాత అనేవాడు.

నీళ్ళంటే ఏ నీళ్ళు పడితే అవి కావు. గోదావరి పోటు మీదున్నప్పుడు సముద్రపు ఉప్పు మా రేవు దాకా ఎక్కి వస్తుంది. మామ్మ ఆ పోటు నీళ్ళు బిందెలతో తెచ్చి తొట్టి నింపేది. చప్పటి నీళ్ళలో ముంచితే ఆవిరి దుప్పటిలా ఇనుమును కప్పేసుకుని అక్కడక్కడ మెత్తటి మచ్చలు మిగులుతాయి, ఉప్పునీళ్ళలో ఆ దుప్పటి నిలవదు. వరదల్లో గోదావరి ఎర్రబడి ఉప్పు పోయినప్పుడు మామ్మ గుప్పెడు రాళ్ళుప్పు తొట్టిలో వేసి, చారు రుచి చూసినట్టు వేలు ముంచి నాలిక మీద పెట్టుకునేది. ఆ తొట్టిలో మొసలిపిల్ల ఉందని నేను మా వీధి పిల్లలకి చెప్పాను. ఉన్నన్నాళ్ళూ ఒక్కడూ మా వసారా ఎక్కలేదు.

నీళ్ళలో ముంచాక అసలు పని మొదలవుతుంది. నీళ్ళు తాగిన ఉక్కుకి వెంటనే రెండో నిప్పు చూపించాలి. లేకపోతే అది లోపల్లోపల బిగదీసుకుని ఉంటుంది. ఎవరూ ముట్టుకోకపోయినా గంటకో, రేపో, బల్ల మీద దానంతటదే పగులుతుంది. అందుకని ముంచిన పనిముట్టును ఇసుకరాయితో తెల్లగా తోమి, వెనక భాగం కాగిన దిమ్మ మీద ఆనిస్తారు. వేడి మెల్లగా అంచు వైపు పాకుతుంటే, తోమిన చోట రంగులు నడుస్తాయి. ముందు కాగిన నెయ్యి పసుపు. అక్కడ ఆపితే మంగలికత్తి. తరవాత బెల్లం పాకం గోధుమరంగు. అది ఉలికీ, బాడిసకీ. తరవాత వంకాయ రంగు. ఆ తరవాత నీలం వచ్చిందా, అంచు మెత్తబడిపోయినట్టే. రంగు రాగానే తీసి మళ్ళీ నీళ్ళలో పడెయ్యాలి. ఆ రంగులు రెప్పపాటులో దాటిపోతాయి.

నేను వెళ్ళేటప్పటికే తాతకి ఆ రంగులు కనపడటం మానేశాయి. కాకినాడ డాక్టరు పొర కాదు, లోపలి నరమే పోయింది, చేసేదేం లేదన్నాడట. మనుషులు నీడల్లా కనపడేవారు, రంగులన్నీ బూడిదే. మొదటి కాక, అంటే నీళ్ళలో ముంచేముందు కాల్చడం, ఆయనకి ఇబ్బంది కాలేదు. పాడైన రేడియోలోంచి తీసిన అయస్కాంతం తీగకి కట్టుకున్నాడు. సరైన కాక వచ్చిన ఉక్కు అయస్కాంతాన్ని మరిచిపోతుంది, లాగదు. అది చేతికి తెలిసేది. రెండో నిప్పుకే కళ్ళు కావాలి. ఆ కళ్ళు మామ్మవి. కొలిమి ముందు బల్ల మీద వడ్రంగులు కూర్చుని ఉంటారు, గుడ్డివాడి చేతికి పదును ఇచ్చామని తెలిస్తే మర్నాటి నుంచి ఒక్కరూ రారు. అందుకని మామ్మ వంటింటి ద్వారానికి తల ఆనించి నిలబడి, వంట గురించి విసుక్కునేది. "నెయ్యి కాగిపోయింది." "పాకం ముదురుతోంది, దించుకోరేంటి." "వంకాయలు వాడిపోతున్నాయండి బాబు." తాత ఆ మాట వెంటనే పటకారు ఆడించేవాడు. వడ్రంగులు ఆవిడ నోటికి జడిసి, పాపం ఆచారి గారు ఎలా వేగుతున్నారో అనుకునేవారు. ఒకరోజు నేనడిగాను.

"తాతా, నేను చెప్పకూడదా. మామ్మకి కాళ్ళు పీకుతున్నాయి గదా."

"నీ నోట్లోకి వచ్చేసరికి రంగు మారిపోద్దే కామాచ్చీ. బెల్లాన్ని బంగారం అంటావు."

"మరి కొలిమి మానెయ్యొచ్చు గదా. నాన్న డబ్బు పంపిస్తానంటున్నాడు."

తాత నోట్లోంచి చుట్ట తీశాడు. "కొలిమి మానేస్తే పొద్దున్నే లేచి ఏం చెయ్యను. గోడకి ముఖం పెట్టుకు కూచోనా. ఇది ఆరిపోయిన్నాడు నన్ను కూడా తీసుకెళ్ళిపోండి" అన్నాడు. మామ్మ మోకాలి మీద ఆముదం రాసుకుని మళ్ళీ లేచి ద్వారం దగ్గరకెళ్ళింది.

ఆవిడ పోయింది కూడా అక్కడే. తాత ఒక ఉలిని అప్పుడే నీళ్ళలో ముంచి పైకి తీశాడు. మామ్మ ద్వారబంధం పట్టుకుని, ఏదో మరిచిపోయినట్టు కిందికి చూసి, అలాగే జారి కూర్చుండిపోయింది. మేమిద్దరం పరిగెత్తాం. ఉలి బల్ల మీద ఉండిపోయింది. మర్నాడు మధ్యాహ్నం చుట్టాలంతా వసారాలో కూర్చుని ఉన్నారు. ఏడుపులు ఆగి, ఎవరికీ మాట దొరకని సమయం. ఆ నిశ్శబ్దంలో టింగుమంది. అందరూ తలలెత్తారు. తాత ఒక్కడే ఎత్తలేదు. "నీళ్ళు తాగింది, నిప్పు చూపలేదు" అన్నాడు నేలవైపు చూస్తూ. బల్ల మీద ఉలి నిలువునా చీలి ఉంది. మా పెద్దత్త చెంగు నోట్లో కుక్కుకుంది. నేను పెద్దకర్మకి ముందు ఇల్లంతా కడిగినప్పుడు, మామ్మ తల ఆనించే చోట ద్వారబంధం మీద ఉన్న కొబ్బరినూనె మరకను కుంకుడురసంతో తోమేశాను. పోయింది. మళ్ళీ వచ్చింది. నా తలే తగిలి ఉంటుందని మీరనుకుంటారు. ఆ మరక నా భుజం ఎత్తులో ఉంది. మామ్మ పొట్టిది.

పెద్దకర్మ అయ్యాక తాత కొలిమి ముట్టించాడు. నన్ను చెప్పనివ్వలేదు. లెక్కపెట్టుకుంటూ, వేడిని చేత్తో చూసుకుంటూ అందాజుగా చేశాడు. ఒక ఉలి అంచు చెక్కకి తగలగానే మడతపడింది. ఇంకొకటి పెచ్చులూడింది. ఆచారి గారికి చూపు పోయిందని రేవులో మాట పుట్టింది. ఆ మాట తేల్చడానికి అంతోనయ్య వచ్చాడు. రేవులో పెద్ద పడవ వడ్రంగి, మెడలో వెండి శిలువ, పెద్ద గొంతు. ఆయన మాట అంటే రేవంతా అన్నట్టే. కొత్త బాడిస చేయించుకోవాలన్నాడు, పని దగ్గరుండి చూస్తానన్నాడు. ఇది చెడిపోతే కొలిమి ఆరిపోయినట్టే. ఆ పొద్దున్న తాత మొదటిసారి నన్ను పిలిచి, "ఇవాళ్టికి నువ్వు నిలబడు. పాకం అనే మాట నీ జన్మలో ఒక్కసారి పాకం అయినప్పుడే అను" అన్నాడు. నేను మామ్మ నిలబడే చోట నిలబడ్డాను.

అంతోనయ్య మమ్మల్నిద్దర్నీ చూస్తూ కూర్చున్నాడు. తాత బాడిస కాల్చాడు. అయస్కాంతం వేలాడదీశాడు, వదిలేసింది. పోటు నీళ్ళలో నిలువుగా దించాడు. తొట్టి గుర్రుమంది. బయటికి తీసి చెవి దగ్గర పెట్టుకుని గోటితో మీటి, పగులు లేదని తెలుసుకున్నాడు. ఇసుకరాయి అందుకుని తోమడం మొదలుపెట్టాడు. అప్పుడు అంతోనయ్య జేబులోంచి చిల్లర తీశాడు.

"అమ్మాయ్, గొంతెండిపోతోంది. సెంటర్లోకెళ్ళి టీ పట్టుకురామ్మా."

"ఇప్పుడే వస్తానండి, ఇది అవనివ్వండి."

"నువ్వేం చేస్తున్నావమ్మా ఇక్కడ. చేసేది మీ తాతగారు గదా."

ఆయన నవ్వలేదు. తాత తోమడం ఆపలేదు. "వెళ్ళు" అన్నాడు. వెళ్ళకపోతే మా గుట్టు చెప్పేసినట్టే. వెళ్తే బాడిస పోయినట్టే. గిన్నె పట్టుకుని ఎండలో పరిగెత్తాను. టీ కొట్టు ఆయన పాలు పొంగేదాకా ఆగమన్నాడు. ఈపాటికి పసుపు వచ్చి ఉంటుంది, ఈపాటికి పాకం, ఈపాటికి నీలం దాటిపోయి ఉంటుంది అని నిలబడ్డచోటే అనుకున్నాను.

తిరిగి వచ్చేసరికి అంతోనయ్య వసారాలో లేడు. వీధిలో, నడినెత్తిన ఎండలో నిలబడి ఉన్నాడు. చెప్పులు లోపలే ఉండిపోయాయి. ఆ కాలే ఇసుకలో ఒట్టి కాళ్ళతో నిలబడ్డాడు.

"మీ అమ్మ వచ్చిందా తాళ్ళరేవు నుంచి?" అన్నాడు. ఎప్పుడూ రేవంతా వినపడే గొంతు నాకు కూడా సరిగ్గా వినపడలేదు.

"లేదండి."

"లోపలెవరున్నారు?"

"ఎవరూ లేరండి. మేమిద్దరమే."

"మరి పాకం ముదురుతోంది, దించుకోరేంటి అని విసుక్కుందెవరమ్మా."

ఆ మాటకి అర్థమేమిటో ఆయనకి తెలియదు. మా ముగ్గురికి తప్ప ఎవరికీ తెలియదు. నేను ఆయన్ని దాటుకుని వంటింట్లోకి వెళ్ళాను. బెల్లం వాసన గుప్పుమందని చెప్పాలని నాకెంతో ఉంది. అలాంటిదేం లేదు. ఆ పొద్దున్న చద్దన్నం తిన్నాం, పొయ్యి ముట్టించనే లేదు. బూడిదలో వేళ్ళు పెట్టి చూశాను. చల్లగా ఉంది. వసారాలో తాత బాడిసను నీళ్ళలోంచి తీసి గుడ్డతో తుడుస్తున్నాడు. అంచు పొడుగునా, ఒక్కచోట కూడా చెదరకుండా, బెల్లం రంగు. "వేళకి తిరిగొచ్చి సరిగ్గా చెప్పావే" అన్నాడు. నేను అప్పుడు కొట్టు దగ్గర ఉన్నానని చెప్పాను. తాత తుడవడం ఆపాడు. "గొంతు నీది కాదనుకున్నాలే" అన్నాడు.

అంతోనయ్య లోపలికి రాకుండానే బాడిస అందుకున్నాడు. వీధి పక్కన పడి ఉన్న మద్దికర్ర మీద ఒక వేటు వేశాడు. పెచ్చు కాగితంలా చుట్టుకుని లేచింది. అంచు వేలితో తడిమి చూసి, శిలువ పట్టుకుని, టీ తాగకుండా వెళ్ళిపోయాడు. చెప్పులు నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. ఆ తరవాత రేవులో ఎవరైనా తాత చూపు గురించి ఎత్తితే, "ఆచారి గారికి నీకంటే బాగా కనపడుద్ది, పని చూసుకో" అనేవాడట. పని ఇవ్వడానికి వచ్చినప్పుడు మాత్రం ఎప్పుడూ వసారా ఎక్కలేదు. ఆయన కూడా పోయి చాలా కాలమైంది. ఆయనుంటే మీరు వెళ్ళి అడగొచ్చని చెప్పేదాన్ని. ఇప్పుడు మిగిలింది కోతల కామాక్షి ఒక్కతే.

చిన్నికి ఈ కథ చెప్పలేదు గానీ వాడి వర్క్‌షాపు చూడ్డానికి వెళ్ళాను. కరెంటు పొయ్యి ఉంది, తలుపు వేస్తే లోపల ఎంత వేడుందో ఎర్ర అంకెల్లో చూపిస్తుంది. రెండో నిప్పుకి చిన్న పెట్టె ఇంకొకటి ఉంది, బేకరీలో బిస్కెట్లు కాల్చేలాంటిది. వేడి పెట్టేసి వాడు అన్నానికి వెళ్ళిపోతాడు. ఎవరూ నిలబడక్కర్లేదు. నీళ్ళలో గట్టిపడే ఉక్కును ఇప్పుడెవరూ అడగరని, అది పగుళ్ళకి పేరుపడ్డదని, కాస్త వేగంగా అరగదీస్తే వేడికే మెత్తబడిపోతుందని చెప్పాడు. ఇప్పటి ఉక్కులు నూనెలో గట్టిపడతాయి, కొన్ని ఉత్త గాలికే గట్టిపడతాయి, ఎర్రగా కాలినా పదును పోగొట్టుకోవు. అంతా మంచిదే. వాడి వర్క్‌షాపులో ఎక్కడా ఎవరూ కాళ్ళు పీకుతున్నా నిలబడి లేరు. నాకది బాగా నచ్చింది. కానీ వాడు చేసిన కత్తి చేతిలోకి తీసుకుని చూస్తే, ఇంత చక్కని పనిలో మాట్లాడిన మనిషి ఒక్కరూ లేరే అనిపించింది. ఆ ఆకురాళ్ళతో చేసినవాటిని మాత్రం నీళ్ళు తాగాక ఆపొద్దని, ఫోనొచ్చినా, చుట్టాలొచ్చినా ముందు నిప్పు చూపించమని చెప్పాను. "తెలుసత్తా, వీడియోలో చెప్పారు" అన్నాడు.

బాడిస తరవాత కొలిమి మళ్ళీ కళకళలాడింది. వరదలు వచ్చాయి, పోయాయి. తాత నన్ను ద్వారం దగ్గర నిలబడమని మళ్ళీ అడగలేదు. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి ఉలులు వరసగా ఆరబెట్టి ఉండేవి, అన్నీ బెల్లం రంగే. పని చేస్తున్నప్పుడు తాత తల కొంచెం పక్కకి వాల్చేవాడు. నాకెప్పుడూ ఏమీ వినపడలేదు. ఒకసారి పరీక్ష చెయ్యాలనిపించి, వెనక నుంచి, మామ్మ గొంతు పెట్టి, రంగు ఇంకా పసుపులో ఉండగానే పాకం అన్నాను. తాత కదల్లేదు. "నువ్వూరుకో. ఆవిడ ఇంకా అన్లేదు" అన్నాడు. ఆ మాట అన్నాక వసారాలో ఎంత నిశ్శబ్దమైందంటే, మా ఇద్దరితో పాటు ఇంకొకరు కూడా ఊపిరి బిగబట్టినట్టనిపించింది.

ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం నేను ఇంటికి వచ్చేసరికి తాత పటకారు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. దిమ్మ మీద ఉలి అలాగే ఉంది. తోమిన అంచు మీద నీలం కూడా దాటిపోయి బూడిదరంగు తిరుగుతోంది.

"తాతా, చెడిపోయింది."

"తెలుసు."

"మామ్మ చెప్పలేదా?"

"చెప్పింది. చెబుతూనే ఉంది."

"మరెందుకు తియ్యలేదు?"

తాత మొహం కొలిమి వైపు లేదు. "రొప్పుతోందే. మాట మాటకీ ఊపిరి తీసుకుంటోంది. ముసల్దాన్ని, కాళ్ళు వాచిపోయినదాన్ని, బతికున్నన్నాళ్ళూ అక్కడే నిలబెట్టాను. చచ్చాక కూడా నిలబెట్టేశాను. నేనిది ముట్టించినంతకాలం అది కదల్దు."

తాత లేచి తడుముకుంటూ తొట్టి దగ్గరకెళ్ళి, పోటు నీళ్ళు బిందెతో ముంచి బొగ్గుల మీద పోశాడు. ఆవిరి వసారా నిండా లేచింది. మళ్ళీ ముంచి పోశాడు. నిప్పంతా చల్లారాక, నేనూ మా నాన్నా ఎప్పుడూ వినని చనువుతో, వంటింటి ద్వారం వైపు తిరిగి మెల్లగా అన్నాడు.

"అయిపోయిందే మాణిక్యం. ఇంక కూచో."

తాత ఆ తరవాత చాలాకాలం బతికాడు. పొద్దున్నే లేచి, గోడకి కాకుండా, ఆ ద్వారానికి ఎదురుగా కూర్చునేవాడు. ఆ మధ్యాహ్నం ఆవిరిలో నేను ద్వారం వైపు చూడలేదు. చూసి ఉంటే మీకు ఏదో ఒకటి చెప్పేదాన్ని.